మాత్ర మానలేదు, దిగులూ పోలేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హెచ్‌ఐవీ అని తెలిసి ఏడాదైంది. మందులు సరిగ్గానే వాడుతున్నా నిద్ర పట్టదు. ఊళ్లో తెలిస్తే ఎలాగన్న భయం. – ఒక సోదరి, పెనుమూడి

జవాబు: ఏడాదిగా మాత్ర మానకపోవడం చాలా పెద్ద విషయం. ఈ సోదరి ముందుగా నిద్ర సంగతి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పాలి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర చెడగొడుతుంది. డాక్టరును అడిగి పొద్దుటి పూటకు మార్చుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఐరన్, కాల్షియం బిళ్లలు వాడుతుంటే అదీ చెప్పాలి. వాటితో కలిపి పరగడుపున వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే అది జబ్బు కావచ్చు, చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097.

ఇక భయం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ఆమె వైపే ఉంది. ఆమె సమ్మతి లేకుండా ఆసుపత్రి సిబ్బంది ఈ సంగతి బయటపెట్టకూడదు, ఆ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయకూడదు.

వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలిస్తే దాంపత్యం ద్వారా భర్తకు సోకదు. ఈ ఒక్క మాట తెలియక ఎందరో ఆడవాళ్లు తమను తామే వెలివేసుకుంటున్నారు!

హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. 25 ఏళ్లు దాటాక మూడు నుంచి ఐదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. ఈమె ఇంకా చేయించుకోకపోతే, మందులకు వెళ్లినప్పుడే అడగాలి.