గాలిలో చెవులను లెక్కపెట్టేదెలా?

సినిమాహాలు యజమానికి ఆట వదిలేసరికి ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది. టిక్కెట్ల పుస్తకంలో మిగిలిన ముక్కలు చూసుకుంటే చాలు. వార్తాపత్రిక ఎన్ని ప్రతులు అమ్ముడయిందో ఏజెంటు లెక్క చెబుతాడు. మరి రేడియో మాటేమిటి? ప్రసార కేంద్రం స్తంభం నుంచి విద్యుదయస్కాంత తరంగాలు నాలుగు దిక్కులకూ పోతాయి. పోయినవి తిరిగి వచ్చి కబురు చెప్పవు. పదిమంది విన్నా, పది లక్షలమంది విన్నా ట్రాన్స్‌మిటర్ ఖర్చుచేసే విద్యుత్తు ఒకటే. మీరు కుళాయి తిప్పితే ట్యాంకులో నీరు తగ్గుతుంది గాని, రేడియో పెడితే కేంద్రంలో ఏమీ తగ్గదు.

అయినా "ఈ నగరంలో ఫలానా కేంద్రానిదే మొదటి స్థానం" అని లెక్కలు వస్తూనే ఉంటాయి. ఆ లెక్కలు ఎక్కడివి? వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? న్యూయార్క్ నగరం కథ వింటే ఈ విషయం బాగా బోధపడుతుంది.

అమెరికాలో రేడియో కేంద్రాలు చాలావరకు ప్రైవేటువి. వ్యాపార ప్రకటనల మీద వచ్చే డబ్బే వాటికి ఆధారం. అందుకని ఒక్కొక్క కేంద్రం ఒక్కొక్క రకం శ్రోతలను ఎంచుకుని, రోజంతా ఒకే తీరు కార్యక్రమాలు వేస్తుంది. ఒకటి వార్తలే చెబుతుంది, ఒకటి పాత పాటలే వేస్తుంది, మరొకటి ఆటల ముచ్చట్లే వినిపిస్తుంది. దీనినే అక్కడ ఫార్మాట్ అంటారు. ఒకే కేంద్రంలో పొద్దున వార్తలు, మధ్యాహ్నం నాటిక, సాయంత్రం వ్యవసాయదారుల కార్యక్రమం, ఆదివారం బాలానందం వింటూ పెరిగిన మన పెద్దలకు ఇది వింతగానే తోస్తుంది.

న్యూయార్క్‌లో డబ్ల్యూ ఏ బీ సీ అనే కేంద్రం 1960లలో పాటలకు పెట్టింది పేరు. మీడియం వేవ్‌లో 770 కిలోహెర్ట్‌జ్ మీద 50 కిలోవాట్ల శక్తితో పనిచేసేది. బాగా అమ్ముడయ్యే కొద్దిపాటి పాటలనే మళ్లీ మళ్లీ వేయటం దాని పద్ధతి. అన్నిటికన్నా పైనున్న పాట దాదాపు గంటకోసారి వినిపించేది! రాత్రి అయితే ఆ కేంద్రం ఎన్నో రాష్ట్రాలలో వినబడేది. పగటిపూట మీడియం వేవ్ తరంగాలను పీల్చేసుకునే వాతావరణపు పొర ఒకటి చీకటి పడ్డాక మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న అయనోస్ఫియర్ పొరను తాకి, వంగి, దూరప్రాంతాలలో దిగుతాయి. కాని నగరంలోని బట్టల దుకాణంవాడికి అయిదువందల మైళ్ల అవతలి శ్రోతతో ఏం పని? లెక్కలో నగరమూ, దాని చుట్టుపక్కల ప్రాంతమే ముఖ్యం.

ఇంత పెద్ద కేంద్రాన్ని పడగొట్టినది ఏది? ఒక విధంగా చూస్తే, మెరుపు!

ఏ.ఎం. పద్ధతిలో ధ్వనిని బట్టి తరంగం కంపన పరిమితి, అంటే దాని ఎత్తు, హెచ్చుతగ్గులవుతుంది. మెరుపు మెరిసినా, పక్కింట్లో మోటారు నిప్పురవ్వలు రాల్చినా ఆ అలజడి కూడా ఎత్తులోనే కలుస్తుంది. ఏది పాటో, ఏది గరగరో రేడియో సెట్టుకు తెలియదు. రెండింటినీ వినిపిస్తుంది. ఎఫ్.ఎం. పద్ధతిలో తరంగం ఎత్తు మారదు, పౌనఃపున్యం మారుతుంది. ఎత్తులో వచ్చిన తేడాలను సెట్టు కత్తిరించి పారేస్తుంది, వాటితోపాటు గరగరా పోతుంది. పైగా అమెరికాలో ఏ.ఎం. కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్‌జ్ మాత్రమే, ఎఫ్.ఎం.కు 200. చోటు ఎక్కువ కనుక 15,000 హెర్ట్‌జ్ వరకు ధ్వనులను, అదీ స్టీరియోలో, పంపవచ్చు.

ఈ పద్ధతిని రూపొందించిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని పరీక్షించింది కూడా న్యూయార్క్‌లోనే, 1934లో, ఎంపైర్ స్టేట్ భవనం మీది నుంచి. అయినా దాని దశ తిరగటానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం.ను వేరే పౌనఃపున్యాలకు మార్చగా, అంతవరకు జనం కొన్న సెట్లు పనికిరాకుండా పోయాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో మరణించాడు. తన ఎఫ్.ఎం. విజయాన్ని ఆయన చూడలేదు. తలచుకుంటే బాధ కలుగుతుంది.

తరువాత 1960లలో మరొక నిబంధన వచ్చింది. పెద్ద నగరాలలో ఒకే యజమాని తన ఏ.ఎం. కార్యక్రమాన్నే రోజంతా ఎఫ్.ఎం.లో కూడా వేయకూడదన్నారు. మరేం వేయాలి? కొత్తవి వెతుక్కోవలసి వచ్చింది. ఖాళీ చేను దొరికితే కొత్త పంట వేసి చూసినట్లు, రకరకాల సంగీతాలు ఎఫ్.ఎం.లో మొలకెత్తాయి. 1978 జులై 24న డబ్ల్యూ కే టీ యూ అనే ఎఫ్.ఎం. కేంద్రం అప్పటివరకు వేస్తున్న నెమ్మది పాటలు మానేసి, ఒక్కసారిగా డిస్కో సంగీతం అందుకుంది. కొద్ది నెలలకే 11 శాతానికి పైగా వాటాతో డబ్ల్యూ ఏ బీ సీని దాటి నగరంలో మొదటి స్థానానికి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగి, "వాటా" అనే మాట అర్థం చేసుకుందాం. మీ వీధిలో 100 మంది ఉన్నారనుకోండి. ఇప్పుడు 20 మంది రేడియో వింటున్నారు. అందులో ఇద్దరు మన కేంద్రాన్ని వింటున్నారు. వీధి మొత్తంలో మనకు 2 శాతమే. కాని వినేవారిలో మన వాటా 10 శాతం! లెక్క చెప్పేవారు ఏ అంకె చెబుతున్నారో అడగకపోతే మోసపోతాం.

పోనీ, ఈ అంకె అయినా ఎలా వచ్చింది? కోటి మందికి పైగా ఉన్న ప్రాంతంలో అందరినీ అడగటం కుదరదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా! అయితే నగరం అన్నపు గిన్నె కాదు. అది కందులు, పెసలు, శనగలు కలిసిన బస్తా. ఒక గింజతో పని జరగదు, గరిటెడు తీయాలి. తీసే ముందు బాగా కలపాలి కూడా. వెయ్యి మంది శ్రోతలను ఇలా అడిగితే 100 మంది ఒక కేంద్రం పేరు చెప్పారనుకోండి. గణితం ప్రకారం అసలు వాటా సుమారు 8 నుంచి 12 శాతం మధ్య ఉండవచ్చు. వంద మందినే అడిగి ఉంటే అది 4 నుంచి 16 వరకు ఎక్కడైనా ఉండవచ్చు! పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. కనుక ఒక కేంద్రం వాటా ఈసారి అర శాతం తగ్గిందంటే జనం అభిరుచి మారిందని వెంటనే అనుకోనక్కరలేదు.

న్యూయార్క్‌లో ఆర్బిట్రాన్ అనే సంస్థ ఈ లెక్కలు తీసేది. ఎంపిక చేసిన ఇళ్లకు చిన్న డైరీలు పంపేది. వారం రోజులు ఏ కేంద్రం ఎంతసేపు విన్నారో అందులో రాయాలి. మనిషి స్వభావం మీకు తెలియనిదేముంది? రోజూ రాయవలసినది ఆఖరి రోజున కూర్చుని రాసేవారు ఉంటారు. పేరున్న కేంద్రం గుర్తుంటుంది. దుకాణంలో నిలబడి పది నిమిషాలు విన్నది గుర్తుండదు.

1982 మే 10న డబ్ల్యూ ఏ బీ సీ పాటలు మానేసి మాటల కార్యక్రమాలకు మారింది. ఇందులోనూ భౌతికశాస్త్రం ఉంది. సంగీతం నిండుగా వినాలంటే హెచ్చు పౌనఃపున్యాలు కావాలి. మాట అర్థం కావటానికి 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ చాలు. పాతకాలపు టెలిఫోను మోసినది అంతే. అందుకే పాట ఎఫ్.ఎం.కు పోయింది, మాట ఏ.ఎం.లో మిగిలింది. రోజంతా వార్తలు చెప్పే కేంద్రాలు 1965 నుంచే ఉన్నాయి. 1987 జులై 1న రోజంతా ఆటల గురించి మాట్లాడే డబ్ల్యూ ఎఫ్ ఏ ఎన్ కేంద్రం వచ్చింది. డిస్కో మోజు కూడా ఎంతోకాలం నిలవలేదు. 1985లో డబ్ల్యూ కే టీ యూ పేరూ, తీరూ మార్చుకుని రాక్ కేంద్రమయింది.

అసలు చిక్కు 2008లో వచ్చింది. ఆ ఏడాది న్యూయార్క్‌లో డైరీలకు బదులు ఒక చిన్న పరికరం వాడటం మొదలుపెట్టారు. ప్రతి కేంద్రమూ తన ధ్వనిలో ఒక గుర్తును దాచి పంపుతుంది. అది 1,000 నుంచి 3,000 హెర్ట్‌జ్ మధ్యనే ఉన్నా మన చెవికి పట్టదు. డోలు మోగుతున్నప్పుడు పక్కవాడి గుసగుస వినపడదు చూడండి, అలాగే గట్టి ధ్వని చాటున సన్నని ధ్వని దాక్కుంటుంది. నడుముకు తగిలించుకున్న పరికరం ఆ గుర్తును వినేస్తుంది. జ్ఞాపకంతో పని లేదు.

మరి ఫలితం? నల్లజాతివారికి, స్పానిష్ భాష మాట్లాడేవారికి కార్యక్రమాలు వేసే కేంద్రాల అంకెలు బాగా పడిపోయాయి. అంకె పడితే ప్రకటనలు పోతాయి. ప్రకటనలు పోతే ఆ భాష, ఆ పాట నగరం గాలిలో వినిపించకుండా పోతాయి. డైరీ అబద్ధం చెప్పిందా? లేక కొత్త పరికరం ఇచ్చిన వారిలో ఆ సమాజాల వారు, ముఖ్యంగా యువకులు, తగినంతమంది లేరా? బస్తా సరిగా కలపలేదని కేంద్రాలు వాదించాయి. 2008 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి కోర్టుకు వెళ్లాడు. 2009 జనవరిలో రాజీ కుదిరి, నమూనా ఎంపికను మెరుగుపరచటానికి సంస్థ ఒప్పుకుంది. 2013లో ఆ సంస్థను నీల్సన్ కొన్నది. గట్టి ధ్వని లేనిచోట, ముఖ్యంగా మాటల మధ్య మౌనంలో, గుర్తు సరిగా దాగదని మరో ఫిర్యాదు వచ్చింది. 2015లో ఆ గుర్తును బలపరచవలసి వచ్చింది.

మీ తరగతిలోనే దీనిని పరీక్షించవచ్చు. రేడియో లేకపోతే టీవీ అయినా సరే. చీట్లు వేసి పదిమందిని తీయండి. అయిదుగురు చూసినప్పుడల్లా సమయంతో సహా రాసుకోవాలి. మిగతా అయిదుగురు వారం చివర జ్ఞాపకం మీద రాయాలి. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. తరువాత రెండవ జట్టును మొదటి పని, మొదటి జట్టును రెండవ పని చేయమని మరో వారం చూడండి. చీట్లు వేయకుండా ముందు బెంచీ వారినే తీసుకుంటే అంకెలు ఎటు మొగ్గుతాయో కూడా ఒకసారి చూడండి.