నైట్రాక్స్ సిలిండర్: చట్టం ఎంత, ఆనవాయితీ ఎంత?

అమెరికాలో డైవ్ షాపు గుమ్మం తొక్కే తెలుగువాళ్ల కోసం

ప్ర: ఆకుపచ్చ, పసుపు పట్టీ ఉన్న పాత సిలిండర్ కొన్నాను. నేరుగా నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) నింపించుకోవచ్చా?

జ: పట్టీని నమ్మకండి. లోపల నైట్రాక్స్ ఉండొచ్చని చెబుతుందే గానీ, లోపల శుభ్రంగా ఉందని కాదు. షాపువాళ్లు ఎలా నింపుతారో అడగండి. ముందే కలిపి ఉంచిన 32 శాతం ఆక్సిజన్ మిశ్రమం ఎక్కిస్తే, 40 శాతం లోపే కదా అని చాలా షాపులు మామూలు సిలిండర్‌నే ఒప్పుకుంటాయి. ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ వదిలి, ఆపైన గాలి నింపే పద్ధతైతే కథ వేరు. చివరికి తేలేది 32 శాతమే అయినా, మొదట్లో లోపలికి దూకేది నూరు శాతం ఆక్సిజన్. కాస్త నూనె జిడ్డున్నా నిప్పంటుకోవచ్చు. అందుకే ముందు ఆక్సిజన్ క్లీనింగ్ చేయించాలి.

ప్ర: ఆక్సిజన్ క్లీనింగ్ బిల్లు చూసి గుండె ఝల్లుమంది. అంత ఏం చేస్తారు?

జ: వాల్వ్‌ను ఏ ముక్కకాముక్క విప్పి కడుగుతారు. పాత ఓ-రింగులు తీసేసి, ఆక్సిజన్‌కు తట్టుకునే విటాన్ రకం వేస్తారు. సిలికాన్ గ్రీజు జోలికి పోరు. ఆరాక అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు, చాలా నూనెలు ఆ వెలుగులో మెరుస్తాయి. మెరిస్తే మళ్లీ కడగాల్సిందే. మీరిచ్చే డబ్బు ఆ ఓపికకే.

ప్ర: ఒకసారి చేయిస్తే సరిపోతుందా?

జ: మామూలు కంప్రెసర్ గాలి ఒక్కసారి నింపించారా, మడి కట్టుకుని సంతకెళ్లొచ్చినట్టే. మళ్లీ క్లీనింగే.

ప్ర: హైడ్రో, విజువల్ పరీక్షలు రెండూ చట్టమేనా?

జ: 5 ఏళ్లకోసారి హైడ్రో, అంటే నీటి ఒత్తిడి పరీక్ష, ఫెడరల్ రవాణా శాఖ నిబంధన. ఆ తేదీ సిలిండర్ భుజం మీద గుద్ది ఉంటుంది. ఏటా లోపల లైటు వేసి చూసే విజువల్ పరీక్ష డైవింగ్ రంగం పెట్టుకున్న ఆనవాయితీ. అయినా ఆ పరీక్ష స్టిక్కర్ లేదని నింపనంటే వాదించకండి. పేలితే ముందు పోయేది నింపేవాడి చెయ్యే.

ప్ర: మరి నా హక్కేమిటి?

జ: గ్యాస్ మీరే కొలుచుకోవడం. అనలైజర్‌ను బయటి గాలిలో 20.9కి సరిచూసుకుని, సిలిండర్ గ్యాస్‌ను సన్నగా వదలండి. అంకె నిలిచాక శాతం, గరిష్ఠ లోతు, తేదీ, మీ పేరు టేపు మీద రాసి అంటించండి. ఆక్సిజన్ పాక్షిక పీడనానికి 1.4 బార్ హద్దుతో 32 శాతానికి గరిష్ఠ లోతు 33 మీటర్లు, 36కి 28.

ప్ర: సిలిండర్‌ను ఇండియాకు తెచ్చుకోవచ్చా?

జ: గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 ప్రకారం సిలిండరూ వాల్వూ చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ ఆమోదించిన రకమై ఉండాలి. కార్యాలయం నాగపూర్‌లో ఉంది. కొనేముందే రాసి కనుక్కోండి, సూట్‌కేసు సర్దాక కాదు.