పేపర్ రాయాలా? మెథడ్స్‌తో మొదలుపెట్టండి

పీహెచ్‌డీ రెండో ఏడాదో మూడో ఏడాదో గైడ్ ‘ఇక పేపర్ రాయి’ అనగానే చాలామంది ఇంట్రడక్షన్ ముందేసుకుని వారాల తరబడి అక్కడే ఆగిపోతారు. దాన్ని పక్కన పెట్టండి. ముందు మెథడ్స్ రాయండి, అదీ ప్రయోగాలు నడుస్తున్న రోజుల్లోనే.

మెథడ్స్ అంటే మొక్కుబడి భాగమని చిన్నచూపు చూడొద్దు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ప్రపంచంలోని బయోకెమిస్ట్రీ ల్యాబులన్నిటికీ తెలిసింది ఒక పద్ధతి వల్లే. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పేపర్ ఫాస్ఫరస్‌ను కొలిచే విధానాన్ని చెప్పింది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకోగలిగారు. అన్ని కాలాల్లోనూ ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపర్ కూడా ఇలాంటిదే. ప్రోటీన్‌ను కొలవడం గురించి ఆలివర్ లోరీ బృందం 1951లో రాసిన ఆ పేపర్‌కు 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి.

మరి మన రాతలో ఏముంటోంది? ‘శాంపిల్‌ను 10,000 ఆర్‌పీఎం వద్ద సెంట్రిఫ్యూజ్ చేశాం’ అని రాసి వదిలేస్తాం. రోటర్ వ్యాసార్థం మారితే అదే ఆర్‌పీఎంకు శాంపిల్ మీద పడే బలం మారిపోతుంది. ‘4 డిగ్రీల సెల్సియస్ వద్ద, 12,000 జి, 10 నిమిషాలు’ అని రాస్తేనే పక్క ఊరి ల్యాబులో ఇంకొకరు చేయగలరు. గ్రాఫులో ఎర్రర్ బార్ ఎస్‌డీనా, ఎస్‌ఈఎమ్మా? ‘ఎన్ = 3’ అంటే మూడు వేర్వేరు ఎలుకలా, ఒకే ఎలుక నుంచి మూడు రీడింగులా? ఇవి చెప్పకపోతే మీ ఫలితాన్ని నమ్మడానికి ఎవరికీ ఆధారం ఉండదు.

మెథడ్స్ అయ్యాక గ్రాఫులు వరసగా పేర్చుకోండి, వాటి వెంట రిజల్ట్స్ రాయండి. ఇంట్రడక్షన్ ఆ తర్వాతే. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర. రచయితల పేర్ల వరస మాత్రం పని మొదట్లోనే గైడ్‌తో మాట్లాడుకోవాలి. మొహమాటపడితే తర్వాత మనసులు విరుగుతాయి.

డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ల జోలికి వెళ్లకండి. థీసిస్ సమర్పించే ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏమిటో కనుక్కుని, తొందర లేకపోతే డ్రాఫ్ట్‌ను వేరే ల్యాబులోని స్నేహితుడికివ్వండి. మెథడ్స్ మాత్రమే చదివి ప్రయోగం చేయగలడేమో అడగండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ తిరగరాయండి.