ఏడడుగులంటే ఎక్కడి నుంచి?

సివిల్ డిప్లొమానో బీటెక్కో చేతపట్టుకుని మొదటిసారి సైటుకు వెళ్లినవాళ్లు ముందుగా తడబడేది మాటల దగ్గరే. డ్రాయింగులో కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. మేస్త్రీ అడుగులు, అంగుళాలు తప్ప ఇంకోటి పలకడు. హైదరాబాద్ వైపు కమ్మీ కట్టేవాళ్లయితే ఏకంగా సూత్‌లలో మాట్లాడతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. రెండున్నర సూత్‌ల కమ్మీ అంటే 8 ఎంఎం, మూడంటే 10, నాలుగంటే 12, ఐదంటే 16. లెక్క కడితే అటూ ఇటూ కొంచెం తేడా వస్తుంది, బేరానికి మాత్రం ఇదే వాడుక.

10, 12 ఎంఎం కట్టలు పక్కపక్కన ఉంటే కొత్త కంటికి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒక చిన్న లెక్క నోటికి రావాలి. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు కమ్మీ బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం మీటరుకు 0.89 కిలోలు, 10 ఎంఎం 0.62 కిలోలు. 12 మీటర్ల కమ్మీ ఒకటి తూకం వేస్తే పదకొండు కిలోలకు దగ్గరగా ఉందో, ఏడున్నరకు దగ్గరగా ఉందో చూస్తే చాలు, లారీలో వచ్చిందేమిటో తేలిపోతుంది.

తాపీ మేస్త్రీని తెలంగాణలో సుతారి అంటారని, ప్లాస్టరింగ్‌ను గిలాబు అంటారని నెల తిరిగేలోపు ఎవరికైనా తెలుస్తుంది. తెలియని మాట పెద్ద ప్రమాదం కాదు, తెలియదు కాబట్టి అడుగుతాం. తెలుసనుకున్న మాటే కొంప ముంచుతుంది. ఉదాహరణకు బేస్‌మెంట్. కాలేజీలో అది నేల కింది అంతస్తు. మన ఊళ్లలో ఆ అంతస్తు పేరు సెల్లార్. బేస్‌మెంట్ అంటే నేలమట్టం నుంచి గచ్చు ఎత్తు దాకా లేచే కట్టు, అంటే డ్రాయింగులోని ప్లింత్. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో బేస్‌మెంట్ అయ్యాక మొదటి విడత లక్ష రూపాయలు ఇస్తామన్నది కూడా ఈ అర్థంలోనే. రేపు గల్ఫ్‌లోనో ముంబైలోనో ఉద్యోగానికి వెళ్లి ఫోన్లో ‘బేస్‌మెంట్ అయిపోయింది సార్’ అంటే అవతలివాళ్లకు వేరే బొమ్మ కనిపిస్తుంది.

నా సలహా ఒక్కటే. సైటులో ఏ కొలత విన్నా ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగండి. సిగ్గుపడొద్దు. ‘మేస్త్రీ గారూ, లింటెల్ ఏడడుగులన్నారు, గచ్చు మీద నుంచా, ఇప్పుడున్న కాంక్రీటు మీద నుంచా?’ అని అడిగితే మంచి మేస్త్రీ ఎవరూ చిన్నచూపు చూడడు. కాంక్రీటు మీద నుంచి ఏడడుగులు కొలిచి లింటెల్ పోస్తే, తర్వాత టైల్స్ కింద మాలు, పైన టైలు కలిపి మూడంగుళాలు లేస్తాయి. ఏడడుగుల దర్వాజా తెచ్చి నిలబెట్టబోతే పట్టదు. అప్పుడు కింద చెక్కాలి, లేదా వడ్రంగితో దర్వాజా కోయించాలి. రెండూ డబ్బు దండగ. ఇది తప్పాలంటే గచ్చు పూర్తయ్యాక ఉండబోయే మట్టానికి సరిగ్గా మీటరు ఎత్తున ట్యూబ్ లెవెల్‌తో ప్రతి గదిలోనూ గోడ మీద గీత కొట్టించండి. కిటికీ, లింటెల్, స్విచ్ బోర్డు ఎత్తులన్నీ ఆ గీత నుంచే కొలవాలి.

కవరింగ్ సంగతీ అంతే. ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు పరిస్థితుల్లో స్లాబుకు 20, కాలమ్‌కు 40, ఫుటింగ్‌కు 50 ఎంఎం కవర్ ఉండాలి. దీన్ని చాలామంది మెయిన్ కమ్మీ నుంచి కొలుస్తారు. కొలవాల్సింది అన్నిటికంటే బయట ఉన్న ఇనుము నుంచి, అంటే కాలమ్‌లో రింగు నుంచి. మెయిన్ కమ్మీ నుంచి కొలిస్తే 8 ఎంఎం రింగు మందం కవర్‌లో తరిగిపోతుంది. తుప్పు ముందు పట్టేది ఆ రింగుకే.

అన్నిటికంటే నాకు భయం కలిగించే మాట ‘మెయిన్ కమ్మీ కిందే కదా సార్’. గదిమీది స్లాబు మధ్యలో అది నిజం. బయటికి వేలాడే సన్‌షేడ్, బాల్కనీల్లో తలకిందులు: అక్కడ బరువుకు పైభాగం సాగుతుంది కాబట్టి మెయిన్ కమ్మీ పైన ఉండాలి. పొద్దున చైర్ల మీద చక్కగా కట్టిన కమ్మీలే, కాంక్రీటు బొచ్చెలు మోసేవాళ్లు పదిసార్లు తొక్కేసరికి చైర్లు ఒరిగి సెంట్రింగ్ రేకును అంటుకుంటాయి. పైనుంచి కాంక్రీటు పడ్డాక అది ఎవరికీ కనబడదు. ఆ సన్‌షేడ్ సపోర్టులు తీసిన రోజే పడొచ్చు, ఏళ్ల తర్వాత దాని మీద మనిషి నిలబడినప్పుడూ పడొచ్చు. అందుకే పోత రోజు మీరు మిక్సర్ దగ్గర నీళ్లు చూస్తూ నిలబడితే సరిపోదు. నడవడానికి పలకలు వేయించండి. సన్‌షేడ్ దగ్గర కమ్మీ పైకి లాగి పట్టడానికి ఒక రాడ్ బెండర్‌ను పోత అయ్యేదాకా ఉంచండి. ఆ ఒక్కరోజు కూలికి యజమాని సణిగినా పట్టించుకోవద్దు.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్న దగ్గర కూడా మాట తేడాలున్నాయి. రేకులు తీయడం వేరు, సపోర్టులు తీయడం వేరు. రేకులు తీసి జాకీలో సరుగుడు కర్రలో వెంటనే తిరిగి పెట్టేస్తే స్లాబుకు మూడు రోజులకే రేకు తీయొచ్చు. సపోర్టులు పూర్తిగా తీయాలంటే మాత్రం నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్‌కు 7 రోజులు, అది దాటితే 14. బీముకు ఆరు మీటర్ల లోపు 14, ఆపైన 21. ఇవన్నీ ఓపీసీ సిమెంటుకు, సరిగ్గా నీళ్లు పట్టిన కాంక్రీటుకు చెప్పినవి. సైటులో బస్తా తిప్పి చూడండి, పీపీసీ అని ఉంటే ఇంకా ఆగాలి. రేకులు ఇంకో సైటుకు కావాలని కాంట్రాక్టరు తొందరపెడతాడు. ఎన్ని రోజులైందో నోటిమాట మీద ఒప్పుకోకుండా పోత తేదీని సున్నంతో కాలమ్ మీద రాయించండి.

ఇక బిల్లులు. గొడవల్లో చాలావాటికి మూలం లేబర్ కాంట్రాక్టులో ‘చదరపు అడుగుకు ఇంత’ అన్న మాటే. ఏ చదరపు అడుగు? స్లాబు అంచు నుంచి అంచుకా, గోడ బయటి నుంచి బయటికా? సన్‌షేడ్ కలుస్తుందా? మెట్లు, సంపు, పిట్టగోడ అందులోనివేనా, విడి రేటా? పని మొదలెట్టే ముందు తెల్లకాగితం మీద ఈ నాలుగూ రాసి ఇద్దరితో సంతకం పెట్టించండి.

ప్లాస్టరింగ్‌లో తలుపులు, కిటికీలు కొట్టేయడానికి ఐఎస్ 1200 లో పద్ధతి ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీని అసలు తగ్గించకూడదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక్క ముఖమే తగ్గించాలి, పక్క అంచుల పనిని విడిగా కలపకూడదు. మూడు దాటితే రెండు ముఖాలూ తగ్గించి, అంచులు కలపాలి. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న తలుపు సుమారు 1.95 చదరపు మీటర్లు. గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసినా తగ్గించేది ఒక వైపే. కొత్తగా చేరినవాళ్లు కంపెనీకి మేలు చేద్దామని రెండు వైపులా కొట్టేసి మేస్త్రీతో తగాదా తెచ్చుకుంటారు. అన్యాయం కూడా, ఎందుకంటే ఆ అంచులకు అతను పని చేశాడు.

ఫ్లాట్ల అమ్మకాల్లో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. 2016 రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో ఫ్లాటు లోపలి అడ్డుగోడలు కలుస్తాయి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ కలవవు. కొనేవాళ్లకు అంకె చెప్పేటప్పుడు అది కార్పెట్టా, సూపర్ బిల్టప్పా అన్నది కూడా అదే నోటితో చెప్పండి, మెసేజ్‌లో అయితే రాసి పంపండి.