కుర్రాడి సంతకం ఎప్పుడు తీసుకోవాలి?

ప్రశ్న: మాది కంబంలో చిన్న కబడ్డీ క్లబ్బు. రెండేళ్లుగా కూతకు మాకు ఒక 17 ఏళ్ల కుర్రాడే దిక్కు. వీరపాండి గౌమారియమ్మ తిరునాళ్లతో వాడి ఒప్పందం ముగుస్తుంది. మదురై జట్లు అప్పుడే కన్నేశాయి. ఇంకో మూడేళ్లకు ఇప్పుడే రాయించుకుందామని కొందరు, సీజన్ అయ్యాక చూద్దామని కొందరు. మీరేమంటారు?
– ఒక కార్యదర్శి, కంబం

జవాబు: ముందు కాగితం సంగతి చూద్దాం. 17 ఏళ్లవాడి సంతకాన్ని బీరువాలో దాచుకుంటే ఒరిగేదేమీ లేదండీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చేసింది. స్టాంపు పేపరు మీద రాసినా అంతే. తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడండి, ఆయన సంతకమూ తీసుకోండి. కానీ కుర్రాడికి 18 నిండగానే కొత్త కాగితం రాసుకోండి. పాతదాని మీదే మళ్లీ సంతకం పెట్టిస్తే సరిపోదు.

ఇక ఎప్పుడంటారా, ఇప్పుడే. తిరునాళ్లయ్యాక వాడి ధర చెప్పేది మీరు కాదు, మదురైవాళ్లు. ఫుట్‌బాల్‌లో ఫీఫా నిబంధనల ప్రకారం ఒప్పందం చివరి 6 నెలల్లో ఆటగాడు వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. అందుకే తెలివైన క్లబ్బులు గడువు ఏడాదికి పైగా ఉండగానే కుర్రాళ్లను మళ్లీ పిలిచి కూర్చుంటాయి. 18 ఏళ్ల లోపువాళ్లను మూడేళ్లకు మించి కట్టేయకూడదన్నదీ ఫీఫా నిబంధనే. మీకు రెండేళ్లు చాలు. మ్యాట్ బూట్లు, బస్సు చార్జీ, మోకాలికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు, పరీక్షల నెలలో సెలవు: ఇవన్నీ కాగితంలో రాయండి. మూడేళ్ల గడువుకన్నా ఈ నాలుగు మాటలే కుర్రాణ్ణి మీ దగ్గర నిలబెడతాయి.

వాడు నిజంగా అంత గొప్పవాడేనా అన్న అనుమానం ఉంటే ఊరి పోటీల్లో తెచ్చిన పాయింట్ల లెక్క చూడకండి, అది మోసం చేస్తుంది. డూ ఆర్ డై కూతలో ఏం చేస్తున్నాడో చూడండి. ఎదుట గట్టి కార్నర్ ఉంటే బోనస్ గీత దాటి కాలు పెడుతున్నాడా, లేక బాక్ లైన్ తాకి వచ్చేస్తున్నాడా? మట్టిలో చెలరేగిపోయి, మ్యాట్ మీద కాలు జారేవాళ్లు మనవైపు చాలామందే ఉన్నారు.

తమిళ్ తలైవాస్ సంగతి మీకు తెలిసిందే. 2022లో పవన్ సెహ్రావత్‌కు 2.26 కోట్లు పోశారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో సీజనంతా పోయింది. ఆ ఖాళీలో కూతకు దిగిన కొత్త కుర్రాడు నరేందర్ రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు, జట్టు తొలిసారి సెమీఫైనల్ చేరింది. మరుసటి ఏడు తలైవాస్ నరేందర్‌ను అట్టిపెట్టుకుని పవన్‌ను వదిలేసింది. అతణ్ణి మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లకు కొనుక్కుంది. నన్నడిగితే ఆ ఏడు మంచి బేరం తలైవాస్‌దే.

ప్రశ్న: మా క్రికెట్ క్లబ్బులో ఒక ఎడమచేతి బౌలర్ రెండేళ్లుగా బెంచీ మీదే ఉన్నాడు. ఇంక పంపించేయమని కమిటీ అంటోంది. నెట్స్‌లో మాత్రం బాగా వేస్తాడు.
– కోచ్, ఉత్తమపాళయం

జవాబు: పంపకండి. సేలం జిల్లా చిన్నప్పంపట్టి నటరాజన్‌ను 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 40 లక్షలకు తీసుకుంది. రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, అయినా వదల్లేదు. 2020లో అతను 16 వికెట్లు తీశాడు, అదే ఏడు డిసెంబరులో భారత జట్టుకు ఆడాడు. అయితే ఒక షరతు. ఈ సీజన్‌లో కనీసం నాలుగు మ్యాచ్‌లైనా ఇస్తామని కుర్రాడికి ముందే చెప్పండి. ఇవ్వలేమంటారా, అప్పుడు ఆపే హక్కూ మీకు లేదు.

ప్రశ్న: మా అబ్బాయి బాగా ఆడుతున్నా క్లబ్బు పోయినేటి జీతమే ఇస్తానంటోంది. బయటినుంచి మంచి పిలుపు వచ్చింది. వెళ్తే విశ్వాసం లేనివాళ్లమనుకుంటారా?
– ఒక తండ్రి, కంబం

జవాబు: అనుకునేవాళ్లు అనుకుంటారు లెండి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ మొదట 20 లక్షలకు కొంది. 2024 సీజన్‌లో 303 పరుగులు చేశాక, అదే ఏడు అక్టోబరులో 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆట పెరిగినప్పుడు జీతం పెరగాలి. ముందు మీ క్లబ్బునే ఒకసారి అడగండి, వారం గడువివ్వండి. కాదంటే వెళ్లండి. వెళ్లేరోజే నిరభ్యంతర పత్రం చేతికి తీసుకోండి. తర్వాత పంపుతాం అంటారు, ఈలోగా కార్యదర్శి మారితే కథ మళ్లీ మొదటికొస్తుంది.