ఇంటి పెరటికి పెట్రోలు గడ్డి కోత యంత్రం – కొనేముందు ఆలోచించవలసిన విషయాలు

ఇటీవల మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో, లెక్కల పుస్తకాలు మూయగానే సభ్యులు అడుగుతున్న ప్రశ్న ఒకటి వుంది. "ఇన్‌స్పెక్టరు గారూ, భుజాన తగిలించుకొని గడ్డి కోసే పెట్రోలు మిషను కొందామనుకుంటున్నాం. ఏది కొనమంటారు?" అని. కూలీలు దొరకడం కష్టమైంది. వానలు పడితే పశువుల పాక చుట్టూ, పెరటిలో, గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. అందులో పురుగూ పుట్రా చేరుతాయి. కాబట్టి యంత్రం కావాలనుకోవడంలో తప్పు లేదు. కంపెనీ పేరు మాత్రం మేము చెప్పము. సంఘాల పత్రికలో ఒక కంపెనీ సరుకును పొగడటం మా ఉద్యోగానికి తగిన పని కాదు.

మేము ఎదురు ప్రశ్న వేస్తాము. కోసిన గడ్డి ఎక్కడికి పోతుంది? గేదె ముందుకా, పెంటకుప్ప మీదికా? ఈ సంగతి తేలకుండా యంత్రాల ధరలు విచారించి లాభం లేదు.

ఎందుకంటే, బజారులో బ్రష్ కట్టర్ అని అమ్మే ఈ యంత్రానికి చివరన రెండు రకాల పనిముట్లు బిగించవచ్చు. ఒకటి నైలాన్ దారం చుట్టిన డబ్బా. ఇంజను తిరిగినప్పుడు దారం కొస విసురుగా తిరుగుతూ గడ్డిని కొట్టి తెంపుతుంది. రెండవది ఇనుప బ్లేడు. ఇది కొడవలిలాగా కోస్తుంది. పైకి చూస్తే రెండూ గడ్డి తీసేవే. పాడి రైతుకు మాత్రం ఈ రెంటికీ చాలా తేడా వుంది.

నైలాన్ దారం పని చేస్తున్నంతసేపూ అరుగుతూనే వుంటుంది. రాయికో, గోడకో, గుంజకో తగిలితే ముక్కగా తెగి పడుతుంది. అందుకే అంగడిలో దారం చుట్టలు వేరుగా అమ్ముతారు. ఆ అరిగిన దారమంతా ఎక్కడికి పోయినట్టు? గడ్డిలోకే. పశువు మనలాగా ఏరుకొని తినదు. నాలుకతో చుట్టి లాగి మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది. నైలాన్ పొట్టలో అరిగేది కాదు. పైగా దారంతో కొట్టిన గడ్డి నుజ్జయి, మట్టీ పేడా కలిసి వుంటుంది. కనుక దారంతో కోసిన గడ్డిని మేతగా వేయకూడదు. పెంటకుప్పకు పోవలసిందే. మేతకు కోయదలచినవారు బ్లేడు బిగించే యంత్రమే తీసుకోవాలి. కొన్ని చిన్న యంత్రాలకు, ముఖ్యంగా గొట్టం చివర వంగి వుండేవాటికి, బ్లేడు పట్టదు. అంగడివాడు చెప్పకపోయినా మనమే అడిగి తెలుసుకోవాలి.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి వుంది. ఒక సంఘంలో మేము పాల రిజిస్టరు చూస్తుండగా, ఒక సభ్యుని ఖాతాలో పూటకు నాలుగు లీటర్లు పోసే గేదె పాలు రెండు వారాలలో లీటరుకు దిగినట్టు కనబడింది. విచారిస్తే సంగతి తెలిసింది. నైలాన్ దారం మాటిమాటికీ తెగుతోందని ఆయన దాని బదులు ఇనుప తీగ బిగించాడు. తీగ ముక్కలు తెగి గడ్డిలో పడ్డాయి. ఆ గడ్డినే గేదెకు వేశాడు. మింగిన ఇనుము పశువు పొట్టలోని రెండవ అరలో నిలుస్తుంది. ఆ అరకూ గుండెకూ మధ్య పలుచని తెర మాత్రమే అడ్డు. వాడియైన ముక్క అయితే దాన్ని పొడుచుకొని గుండె దాకా పోతుంది. మేత మానడం, వీపు వంచి నిలబడటం, వాలులో దిగడానికి వెనుకాడటం, గంగడోలు దగ్గర నీరు దిగడం దీని గుర్తులు. పశువైద్యులు చూసేటప్పటికే ఆలస్యమైంది. ఆ గేదె దక్కలేదు. పాత కంచె తీగలు, కట్టుతీగ ముక్కలు పడివున్న చోట యంత్రంతో మేత కోసినా ఇదే జరుగుతుంది. కొడవలితో కోసేవాడి చేతికి తీగ తగులుతుంది, యంత్రానికి తగలదు. కోతకు ముందు ఆ జాగాలో ఒకసారి నడిచి తీగలు, రాళ్ళు, ప్లాస్టిక్కు ఏరివేయాలి. ఇనుప తీగను దారానికి బదులు ఎన్నడూ వాడరాదు. తెగిన ముక్క ఎగిరి వచ్చి మనిషికి తగిలినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఇంజను సంగతి. పది సెంట్ల పెరడు, పాక చుట్టూ మెత్తని గడ్డి అయితే 25 సి.సి. ఇంజను చాలు. బరువు సుమారు 5 కిలోలు. గట్లు, కొంత మొండి కలుపు కూడా వుంటే 30 నుండి 35 సి.సి. తరగతి చూసుకోవచ్చు. ఎపిబిఎన్-1 వంటి నేపియర్ రకాలు, జొన్న చొప్ప కోయాలంటే ఇంకా బలమైనది, పళ్ళున్న గుండ్రని బ్లేడుతో అవసరమవుతుంది. 43, 52 సి.సి. యంత్రాలు 7 నుండి 9 కిలోల దాకా తూగుతాయి. "పెద్దదైతే అన్నిటికీ పనికొస్తుంది" అని కొన్నవారి ఇళ్ళలో, ఆ యంత్రం అటక మీద వుండటం మేము చూశాము. అరగంట మోసేసరికి నడుము పట్టేస్తే ఎవరు తీస్తారు? ఇంట్లో యంత్రం ఎవరు నడుపుతారో వారినే అంగడికి తీసుకువెళ్ళి, భుజానికి తగిలించి, పట్టీ ఎత్తు సరిచేసి, పది నిమిషాలు నడిపించి చూడాలి. రెండు భుజాలకూ పడే పట్టీ ఒంటి భుజం పట్టీకంటె మేలు.

రెండు స్ట్రోకుల ఇంజను తేలిక, నిర్మాణం సులువు. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. పాళ్ళు యంత్రాన్నిబట్టి మారతాయి. 50కి 1 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40 మిల్లీలీటర్లు. పాలు కొలిచే మనకు కొలత సంగతి వేరే చెప్పనక్కరలేదు గాని, చాలామంది ఇక్కడ చెయ్యివాటంగా పోస్తారు. ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి. నాలుగు స్ట్రోకులదానిలో పెట్రోలు విడిగా, ఆయిలు విడిగా వుంటాయి. పొగ తక్కువ, బరువూ ధరా కాస్త ఎక్కువ. దానిలో పట్టే ఆయిలు కొద్దిపాటిదే కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి. ఇప్పుడు బంకులలో వచ్చే పెట్రోలులో ఇథనాలు కలిసి వుంటోంది. అది తేమను పీలుస్తుంది. నెలలకొద్దీ ట్యాంకులో వదిలితే కార్బురేటరు చెడుతుంది. ఇథనాలు ఎంతవరకు పనికివస్తుందో యంత్రంతో ఇచ్చే పుస్తకంలో చూసి కొనాలి. పని ముగిసిన రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి.

కొనేచోట ఇంకా అడగవలసినవి: బ్లేడు పైన కప్పు వుందా, కళ్ళద్దాలు ఇస్తారా, ప్లగ్గు, గాలి ఫిల్టరు, దారం డబ్బా దగ్గరలో దొరుకుతాయా, బాగుచేసేవాడు ఎంత దూరంలో వున్నాడు. వేయి రూపాయలు తగ్గిందని విడిభాగాలు దొరకని యంత్రం కొనడంకంటె కొడవలి పదును పెట్టించుకోవడం నయం. రాయితీ వున్నదీ లేనిదీ మండల వ్యవసాయాధికారి దగ్గర విచారించిన తరువాతనే డబ్బు కట్టాలి.

నడిపేటప్పుడు కళ్ళద్దాలు, బూట్లు, నిండు ప్యాంటు, చెవులకు అడ్డు తప్పవు. చుట్టూ 15 మీటర్ల లోపల పిల్లలు గాని, దూడలు గాని వుండరాదు. పాలు పితికే వేళ యంత్రం వేయకూడదు. చప్పుడుకు గేదె బెదిరి చేపు ఆగిపోతుంది. పెట్రోలును మంచినీళ్ళ సీసాలలో పోసి పెట్టడం మానాలి. ఒకచోట పాల కేంద్రంలోనే, పాల డబ్బాల పక్కన పెట్రోలు సీసా చూసి మేము కేకలు వేయవలసి వచ్చింది. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి.

ఇన్ని చెప్పే మేమూ పొరపాటు చేయకపోలేదు. మా పెరటిలో నిమ్మ మొక్క మొదలు చుట్టూ గడ్డి వుందని దారాన్ని బాగా దగ్గరగా తిప్పాము. బెరడు చుట్టూ లేచిపోయింది. నెల తిరగకముందే మొక్క ఎండింది. లేత మొక్కల మొదళ్ళ దగ్గర చేత్తోనే పీకుకోవాలి.

వయ్యారిభామను పూత రాకముందే తీసివేయాలి. పూతమీద కొడితే పుప్పొడి మనిషికి పడదు. అది తిన్న పశువు పాలకు చేదు వస్తుంది. జొన్న కోసిన మడిలో వచ్చే పిలకలతో మరింత జాగ్రత్త. వాన లేక వాడిన పిలకలలో నాము వుంటుంది. యంత్రం వుంది కదా అని వాటిని కోసి పశువులకు వేస్తే నిమిషాలలో ప్రాణం పోవచ్చు.

పెరడు చిన్నదైన సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క యంత్రం కొనేకంటె సంఘం ఒకటి కొని అద్దెకు ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం. సంఘం 1964 చట్టం కింద వున్నా, 1995 చట్టం కింద వున్నా, పాలకవర్గ తీర్మానం, మూడు చోట్ల కొటేషన్లు, ఆస్తుల రిజిస్టరులో నమోదు వుండాలి. యంత్రానికి వేరే పుస్తకం పెట్టి, ఎవరు తీసుకువెళ్ళారు, ఎన్ని గంటలు నడిపారు, ఎంత అద్దె వచ్చింది, ఏ భాగం మార్చారు అన్నది రాయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు కార్యదర్శి చూడవలసినవి రెండు: బ్లేడు కప్పు యంత్రానికే వుందా, దారం డబ్బాలో నైలానే వుందా. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా అడుగుతాము.