తక్కువ ఖర్చుతో చక్కని గది - మన చేతులతో



హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మనకు సొంతమైనవి ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక దుప్పటి. డిగ్రీ పూర్తయ్యాక ఆ పెట్టె పట్టుకుని మహబూబ్‌నగర్‌కో, కర్నూలుకో, హైదరాబాద్‌కో బయలుదేరుతాం. కోచింగ్ కోసమో, కొత్త ఉద్యోగం కోసమో ఒక గది అద్దెకు తీసుకుంటాం. ఆ గది ఊరికే దొరకదు. అద్దె, అడ్వాన్సు సంగతి అటుంచి, పేరు చెప్పగానే కులం అడిగే ఇంటి యజమానులు ఇప్పటికీ ఉన్నారు. పది గడపలు తిరిగితే గాని ఒక తాళంచెవి చేతికి రాదు. అంత కష్టపడి సంపాదించుకున్న గదిని ఎలా తీర్చిదిద్దుకోవాలో ఏ సిలబస్‌లోనూ లేదు. అందుకే ఈ వ్యాసం.

గది అలంకరణ అనగానే డబ్బున్నవాళ్ళ సరదా అనుకుంటాం. నిజానికి అలంకరణ అంటే ఖరీదైన వస్తువులతో గది నింపడం కాదు. ఉన్న చోటును మన చదువుకు, విశ్రాంతికి, మన దగ్గరకు వచ్చే మనిషికి పనికివచ్చేలా అమర్చుకోవడం. దానికి కావలసింది కొద్దిపాటి డబ్బు, కొంత ఓపిక, రెండు చేతులు.

ముందుగా చదువుకునే మూల

డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ హైస్కూలు రోజుల్లో వాళ్ళ కుటుంబం బొంబాయిలోని పరేల్ ప్రాంతంలో ఒకే ఒక్క గదిలో ఉండేది. వంట, పడక, సామాను అన్నీ అందులోనే. తండ్రి రామ్‌జీ దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, ఇంట్లో అందరూ నిద్రపోయిన వేళ, రాత్రి రెండు గంటలకు లేపి చదువుకు కూర్చోబెట్టేవారు. అదే కుర్రవాడు 1907లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. తరువాత పరేల్‌లోనే బి.ఐ.టి. చాల్‌లో రెండు చిన్న గదుల్లో ఏళ్ళ తరబడి ఉన్నారు. 1930ల తొలి సంవత్సరాల్లో దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు కూడా ఆయన ముందుగా ఆలోచించింది పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలన్నదే.

ఇందులో మనకు పాఠం ఉంది. గదిలో అడుగుపెట్టగానే మంచం ఎక్కడ వేయాలి, టీవీ ఎక్కడ పెట్టాలి అని చూడకండి. వెలుతురు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. కిటికీ ఉన్న వైపు చదువుకునే మూలకు కేటాయించండి. కుడిచేతితో రాసేవారికి వెలుతురు ఎడమ పక్కనుంచి, ఎడమచేతితో రాసేవారికి కుడి పక్కనుంచి రావాలి. అప్పుడు చేతి నీడ నోట్‌బుక్ మీద పడదు. గది చీకటిగా ఉంటే కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు తెల్లని చార్టులు అంటించండి. వచ్చిన వెలుతురు తిరిగి గదిలోకే పడుతుంది. ఈ ఏర్పాటంతటికీ అయ్యే ఖర్చు నాలుగు చార్టులు, కొంచెం టేపు.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు

మొదటి జీతం చేతిలో పడగానే వాయిదాల దుకాణాలు మనల్ని పిలుస్తాయి. ఒక లెక్క చూద్దాం. 18,000 రూపాయల మంచం, బీరువా సెట్టును నెలకు 1,700 చొప్పున 12 నెలలు కడితే మొత్తం 20,400 అవుతుంది. పైన కట్టిన 2,400 రూపాయలతో పోటీ పరీక్షల పుస్తకాలు ఎన్ని వస్తాయో మీరే లెక్క వేసుకోండి. పైగా ఆరు నెలలకు ఉద్యోగం మారినా, గది మారినా ఆ సామాను మోయడానికి ఆటో కిరాయి వేరే. ఇంటి దగ్గర అమ్మానాన్నలు మన మొదటి జీతం కోసం ఎదురుచూస్తుంటారన్నది కూడా మరువకూడదు. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి మొదటి మూడు నెలలు పెద్ద వస్తువులు ఏవీ కొనవద్దు. గదిలో ఉండి చూస్తే ఏది నిజంగా అవసరమో తెలుస్తుంది. పరుపు, ఫ్యాను, బల్బు, వంట సామాను - వీటి దగ్గర పిసినారితనం వద్దు. మిగతావి చాలావరకు చేసుకోవచ్చు.

మన చుట్టూ ఏముంది?

లారీ బేకర్ (1917-2007) ఇంగ్లండులో పుట్టి, మన దేశానికి వచ్చి, కేరళలో తక్కువ ఖర్చుతో వందలాది ఇళ్ళు కట్టిన వాస్తుశిల్పి. ఇంటికి కావలసిన సామగ్రి ఐదు మైళ్ళ లోపలే దొరకాలన్న గాంధీజీ మాటను ఆయన జీవితమంతా గుర్తుపెట్టుకున్నారు. మనం ఇల్లు కట్టడం లేదు, గది అమర్చుకుంటున్నాం. అయినా అదే ప్రశ్న మనమూ వేసుకోవచ్చు. అమరచింతలో మన చుట్టూ ఏముంది?

మగ్గముంది. 2016లో వనపర్తి జిల్లాలో మండల కేంద్రమైన మన అమరచింత, అంతకు చాలా ముందునుంచే నేతకు పేరు. గద్వాల చీర అని దేశమంతా పిలిచే చీర మన వీధుల్లోని మగ్గాల మీద కూడా తయారవుతుంది. ఆ చీరను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? సంప్రదాయ పద్ధతిలో మధ్య భాగం నూలు, అంచులు, కొంగు పట్టు. మధ్య భాగానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. పేక పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా నేసి నూలును, పట్టును కలుపుతారు. మధ్య భాగం చాలావరకు సాదాగా ఉంటుంది. రంగూ, జరీ, బొమ్మా అన్నీ అంచులోనూ కొంగులోనూ కనిపిస్తాయి.

గది అలంకరణకు ఇంతకన్నా మంచి సూత్రం లేదు. గోడలన్నీ నింపకండి. మూడు గోడలు సాదాగా వదిలేసి, ఒక్క గోడను కొంగులా తీర్చండి. బొంత, కర్టెన్, పట్టా అన్నీ ఒకే లేత రంగులో ఉంచి అంచు మాత్రం ముదురు రంగు పెట్టండి. పచ్చకు ఎరుపు, పసుపుకు వంగపండు రంగు - ఏ రంగుకు ఏది నప్పుతుందో తెలియకపోతే మగ్గం దగ్గరకు వెళ్ళి అడగండి. మన ఇళ్ళలో గోడ అడుగున, గడపకు జాజు పూసి దాని మీద సున్నంతో బొట్లు పెట్టేది కూడా ఇదే పద్ధతి. పెద్ద ఖాళీ, దానికి ఒక గట్టి అంచు.

చేసి చూద్దాం

1. ట్రంకు పెట్టె: హాస్టల్ పెట్టెను పారేయకండి. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, ముందు రెడ్ ఆక్సైడ్ పూయండి. ఆరిన తరువాత మీకు నచ్చిన ఎనామిల్ రంగు వేయండి. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి వాటి మీద ఉంచితే నేల చెమ్మ తగలదు. పైన మడతపెట్టిన బొంత వేస్తే కూర్చోవడానికి సీటు, లోపల బట్టల బీరువా.

2. ఇటుకల పుస్తకాల అర: మూడు అడుగుల పొడవు, 9 లేక 10 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్కలు మూడు, ఇటుకలు 18 కావాలి. సెంట్రింగుకు వాడిన పాత చెక్కలైతే చవకగా దొరుకుతాయి. వాటికి ఉన్న మేకులన్నీ పీకి, గరుకు కాగితంతో రుద్దాలి. గోడ పక్కన నేల మీద రెండు ఇటుకలు దూరంగా పెట్టి మొదటి చెక్క వేయండి. చెక్క చివరలకు నాలుగేసి అంగుళాలు లోపలికి నాలుగేసి ఇటుకలు పేర్చి రెండో చెక్క, మళ్ళీ నాలుగేసి పేర్చి మూడో చెక్క. ఇటుక మందం 3 అంగుళాలైతే అరకు 12 అంగుళాల ఎత్తు వస్తుంది. పెద్ద సైజు నోట్‌బుక్కులు కూడా నిలబడతాయి. ఊరికొక కొలత ఇటుక ఉంటుంది కాబట్టి కొలిచి చూసుకోండి. మొత్తం ఎత్తు రెండున్నర అడుగులు దాటనీయకండి, బరువైన పుస్తకాలు అడుగున పెట్టండి. సిమెంటు లేదు, మేకు లేదు. గది మారినప్పుడు విప్పి తీసుకుపోవచ్చు.

3. బొంత: మన అమ్మలు, అవ్వలు కుట్టే బొంతకు మించిన పరుపు దుప్పటి బజారులో లేదు. దాని లెక్క కూడా చక్కనిది. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు. మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు. వెడల్పు దాదాపు పావుతక్కువ నాలుగు అడుగులు. అంటే ఒక మనిషి పడక కొలత. రెండు పాత నూలు చీరలతో ఆరు పొరల బొంత అవుతుంది. సింథటిక్ చీరలు చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి కూడా. చీరలను ఉతికి, గంజి పోయేలా జాడించి, ఆరబెట్టండి. నేల మీద పొరలు పరచి ముడతలు లేకుండా లాగి, మూలల మీద బరువులు పెట్టండి. ముందు నడిమధ్య నుంచి నాలుగు మూలలకూ పెద్ద పెద్ద కుట్లు వేయాలి. ఇది పొరలు కదలకుండా ఉండటానికి. తరువాత బొటనవేలు వెడల్పు దూరంలో వరుసగా కుట్టుకుంటూ పోవాలి. చివరగా చుట్టూ వేరే రంగు చీర అంచు మడిచి కుట్టండి. ఇద్దరు కూర్చుంటే నాలుగైదు ఆదివారాల పని.

4. జడ పట్టా: బొంతకు పనికిరాని చిరుగుల బట్టను రెండు అంగుళాల వెడల్పు పీలికలు చేయండి. మూడు పీలికలు కలిపి జడ అల్లండి. జడను నేల మీద ఉంచి మధ్య నుంచి చుట్ట చుడుతూ, ప్రతి చుట్టునూ పక్క చుట్టుకు దబ్బనంతో కుట్టండి. చేతిలో పట్టుకుని బిగించి కుడితే గిన్నెలాగా లేస్తుంది, అందుకే నేల మీదే కుట్టాలి. గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా తయారు.

5. ఫోటో ఫ్రేము: అట్టపెట్టె నుంచి 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ముక్క కత్తిరించి, మధ్యలో ఫోటో కనిపించేంత కిటికీ కోయండి. మైదా ఉడికించిన బంకతో దానికి పాత చీర అంచు అంటించి, ఎండలో బాగా ఆరబెట్టండి. వెనుక ఇంకొక అట్ట. అంబేద్కర్, సావిత్రిబాయి ఫూలే ఫోటోలు, హాస్టల్ గ్రూప్ ఫోటో, అమ్మానాన్నల ఫోటో - కొంగు గోడకు ఇవి చాలు. ఒక హెచ్చరిక: అమ్మను అడగకుండా పట్టు చీరకు కత్తెర పెట్టకండి. అసలు జరీ ఉంటే చిరిగిన చీరకు కూడా ధర పలుకుతుంది!

అద్దె గదిలో జాగ్రత్తలు

- ఓనరును అడగకుండా మేకు కొట్టవద్దు, రంగు వేయవద్దు. దండెం కట్టడానికి ఉన్న కొక్కేలనే వాడండి.
- బల్బుకు, స్టవ్వుకు దగ్గరగా బట్ట, కాగితం వేలాడదీయవద్దు. ఎక్స్‌టెన్షన్ వైరును బొంత కింద నుంచి పోనీయవద్దు.
- సీసాలో మనీ ప్లాంట్ పెడితే నీళ్ళు వారం దాటకుండా మార్చండి. లేకపోతే దోమలకు ఇల్లు కట్టించినట్లే.
- గదిలో చేరిన రోజున గోడలు, తలుపులు ఎలా ఉన్నాయో ఓనరు ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు గురించి తగాదా ఉండదు.

సూదీదారం ఎవరి పని?

ఇవన్నీ ఆడపిల్లల పనులని కొందరు తమ్ముళ్ళు నవ్వవచ్చు. మన ఊళ్ళో మగ్గం గుంటలో కూర్చుని రోజంతా పోగులతో పనిచేసే మగవాళ్ళను చూస్తూ పెరిగిన మనం ఆ మాట అనవచ్చునా? అలాగే ఇటుకలు పేర్చడం, చెక్క రుద్దడం మాకు రాదని చెల్లెళ్ళు వెనుకాడవద్దు. చేతికి ఆడా మగా లేదు. అలవాటే ఉంది.

1974లో ఇటలీకి చెందిన ఎంజో మారి అనే డిజైనర్ ఒక వింత పని చేశాడు. మామూలు చెక్కలు, మేకులతో ఎవరైనా సొంతంగా చేసుకోగలిగే బల్లలు, కుర్చీలు, మంచాల నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపినవారికి ఉచితంగా ఇచ్చాడు. ఒక వస్తువును స్వయంగా చేసిన మనిషికి బజారులోని వస్తువు మంచి చెడ్డలు తెలుస్తాయని ఆయన ఆలోచన. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక్క బొంత కుట్టినవాడు దుకాణంలో దుప్పటి పట్టుకుని చూడగానే కుట్టు గట్టిదా కాదా చెప్పగలడు. వాడిని మోసం చేయడం కష్టం. నేతగాడి శ్రమ విలువ కూడా వాడికి అర్థమవుతుంది.

చివరగా ఒక మాట

బొంత కుడితే ఒకటి కాదు, రెండు కుట్టండి. రెండోది మీకు కాదు. గ్రూప్ పరీక్షకో, కానిస్టేబుల్ సెలెక్షన్‌కో, డి.ఎస్.సి.కో మన హాస్టల్ నుంచి ఒక తమ్ముడో చెల్లెలో సెంటరు పడిన పట్నానికి ముందురోజు రాత్రి దిగుతారు. లాడ్జికి డబ్బులుండవు. బస్‌స్టాండు బెంచీ మీద రాత్రంతా కూర్చుని, తెల్లవారి పరీక్ష రాసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? అటువంటివారికి ఒక రాత్రి పడుకోవడానికి చాప, బొంత, చదువుకోవడానికి ఒక దీపం, పొద్దున్నే ఒక గ్లాసు టీ - ఇవి ఉన్న గదే అన్నింటికన్నా అందమైన గది.